పనిలేని వాళ్ళ గిటారు: సహారాలో తువారెగ్ పాట చరిత్ర

సహారా ఎడారిలో పుట్టిన గిటారు పాటను ప్రపంచ సంగీత మార్కెట్టు 'డెజర్ట్ బ్లూస్' అని పేరు పెట్టి అమ్ముతోంది. అట్ట మీద ఇసుక తిన్నెలు, నీలి తలపాగాలు, అస్తమించే సూర్యుడు. లోపలి పరిచయ వాక్యాల్లో కాలాతీతమైన ఎడారి ఆత్మ, సంచారజీవి స్వేచ్ఛాగానం వగైరా. ఈ వాక్యాలు రాసేవాళ్ళలో చాలామందికి ఆ పాటల భాష రాదు. అవి ఎందుకు పుట్టాయో తెలుసుకోవలసిన అవసరం కూడా వాళ్ళకు లేదు. ఈ పాట వయసు యాభై ఏళ్ళకు మించదు. రెండు కరువులు, అయిదు దేశాల సరిహద్దులు, ఒక సైనిక దమనకాండ, ఒక తరం యువకుల నిరుద్యోగం కలిసి దాన్ని పుట్టించాయి. ఈ చరిత్రను వరసగా చెప్పుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం. చెప్పుకుంటూ పోతే అభ్యుదయ సాహిత్యకారులకు ఇబ్బంది కలిగించే ప్రశ్నలు రెండు ఎదురవుతాయి. వాటిని పక్కకు నెట్టి ఈ పాటను మెచ్చుకోవడం తేలికే గాని, అది విమర్శ అనిపించుకోదు.

ముందు పేరు సంగతి చూద్దాం. ఈ పాటలు కట్టినవాళ్ళను వాళ్ళ సమాజంలో 'ఇషుమార్' అంటారు. నిరుద్యోగి అనే అర్థం గల 'షోమూర్' అన్న ఫ్రెంచి మాట తమాషెక్ భాషలోకి వెళ్ళి ఇలా మారింది. సంచార పశుపోషకుల భాషలో అంతకు ముందు నిరుద్యోగికి మాట ఉండవలసిన పనిలేదు. మంద ఉన్నంతకాలం పిల్లవాడికైనా పని ఉంటుంది. మంద పోయిన తర్వాతే మనిషి పనిలేని వాడవుతాడు. ఆ స్థితిని చెప్పడానికి తమను ఏలినవాళ్ళ భాషలోంచి మాట అరువు తెచ్చుకోవలసి వచ్చింది. వలస పాలన ఒక జాతికి ఏం మిగిల్చిందో ఈ ఒక్క మాట వ్యుత్పత్తి చెబుతుంది. ఈ పాటలను అక్కడి జనం 'ఇషుమార్ పాటలు' అనో, ఊరికే 'గిటారు' అనో అన్నారు. బ్లూస్ అన్న మాట తర్వాత బయటివాళ్ళు తగిలించినది.

తువారెగ్ అన్నదీ బయటివాళ్ళు పెట్టిన పేరే. తమాషెక్ మాట్లాడే జనం అని వాళ్ళు తమను తాము చెప్పుకుంటారు. మాలీ, నైజర్, అల్జీరియా, లిబియా, బుర్కినా ఫాసో దేశాల్లో వాళ్ళు చెదిరి ఉన్నారు. వాళ్ళకు తిఫినాగ్ అనే సొంత లిపి ఉంది. ఒంటెలు, మేకలు, ఆవుల మందలు మేపడం, ఎడారి దాటే ఉప్పు బిడారుల వర్తకం వాళ్ళ పాత జీవనాధారాలు. ఇది వర్గాలు లేని సమాజమని, సంచారులంతా సమానులని అనుకుంటే పొరపాటు. పైన యోధులైన ప్రభువర్గం, వాళ్ళకు కప్పం కట్టే సామంత తెగలు, మత విద్య నేర్పేవాళ్ళు, ఇనుమూ వెండీ తోలూ పనిచేసే కమ్మరులు, అందరికంటే అడుగున బానిసలు. దక్షిణాది వ్యవసాయ గ్రామాల మీద దాడిచేసి పట్టుకొచ్చిన నల్లజాతి రైతుల సంతతి వాళ్ళు. 'ఇక్లాన్' అనీ, సొంగాయి భాషలో 'బెల్లా' అనీ వాళ్ళను పిలిచారు. మంద కాసిందీ, బావి నుంచి నీళ్ళు తోడిందీ, సజ్జలు దంచిందీ వాళ్ళు. ఈ సంగతిని మనసులో ఉంచుకోవాలి. ముందుముందు దీనితో పని ఉంది.

కళలు కూడా ఈ అంతస్తుల ప్రకారమే ఉండేవి. ఇమ్జాద్ అనే ఒంటితీగ వాద్యం ఆడవాళ్ళది. సొరకాయ బుర్రకు తోలు బిగించి, కమానుతో వాయిస్తారు. గుడారం ముందు స్త్రీ ఇమ్జాద్ వాయిస్తుంటే ప్రభువర్గపు యోధుల పరాక్రమం, ప్రేమ, విరహం పద్యాలుగా పలికేవి. మూడు తీగల తెహార్దెంత్ కమ్మరులు, గాయక కులాల వాళ్ళు వాయించేది. ఇక తెందే అన్నది సజ్జలు దంచే రోలే. పగలు దంచిన రోలుకు సాయంత్రం మేకతోలు బిగించి కడితే అది డప్పవుతుంది. రెండు పక్కలా రోకళ్ళు కట్టి, వాటి మీద ఆడవాళ్ళు కూచుంటే తోలు బిగుసుకుంటుంది. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూ అందుకుంటారు. చుట్టూ మగవాళ్ళు ఒంటెలను నడిపిస్తారు. పని చేసే పనిముట్టే వాద్యమైన చోట శ్రమకూ కళకూ ఉన్న సంబంధాన్ని సిద్ధాంత గ్రంథాలు తిరగేసి రుజువు చేయనక్కరలేదు.

వాళ్ళ పాత కవిత్వం మనకు పుస్తకంగా దొరికిన తీరు సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోదగ్గది. 1902లో తిట్ దగ్గర హొగ్గార్ ప్రాంతపు తువారెగ్‌లు ఫ్రెంచి దళం చేతిలో ఓడిపోయారు. మూడేళ్ళ తర్వాత, 1905లో, షార్ల్ ద ఫూకో అనే క్రైస్తవ సన్యాసి తమన్రాసెత్‌లో కుటీరం వేసుకున్నాడు. ఆయన పూర్వాశ్రమంలో ఫ్రెంచి సైనికాధికారి. వందల పద్యాలు సేకరించాడు, నిఘంటువు తయారుచేశాడు. ఆయన 1916లో హతుడైన తర్వాత, 1925లోనూ 1930లోనూ ఆ పద్యాలు రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ ప్రాంతాన్ని జయించిన సైనికాధికారి లాపెరీన్‌కు ఆయన మిత్రుడు. స్థానిక పరిస్థితులు తెలుపుతూ అతనికి ఉత్తరాలు రాస్తుండేవాడు. జాతి పాటను సేకరించే పనీ, ఆ జాతిని లొంగదీసుకునే పనీ ఒకే గుడిసెలో సాగాయి. 1916-17లో నైజర్ ప్రాంతంలో కావొసెన్ నాయకత్వాన అగాదెజ్ పట్టణాన్ని ముట్టడించిన తిరుగుబాటును ఫ్రెంచివాళ్ళు రక్తంలో ముంచారు. ప్రభువర్గపు ఖడ్గకాలం దానితో ముగిసింది. వీరగాథల పద్యం మిగిలింది గాని, అది వర్ణించే జీవితం పోయింది.

1960లో మాలీ, నైజర్, 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాయి. ఆఫ్రికాకు అది ఆశల కాలం. తువారెగ్‌లకు మాత్రం, అంతవరకు ఒకే వలస సామ్రాజ్యంలో కాగితం గీతలుగా ఉన్న సరిహద్దులు నిజమైన సరిహద్దులైన కాలం. వేసవిలో గడ్డి ఎక్కడుంటే అక్కడికి మందను తోలుకుపోయే మనిషికి ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి. ఎడారి నడిబొడ్డున ఇన్ ఎకెర్ కొండల్లో, 1961కీ 1966కీ మధ్య ఫ్రాన్సు 13 భూగర్భ అణు పరీక్షలు జరిపింది. అల్జీరియా స్వతంత్రమైన తర్వాత కూడా ఒప్పందం ప్రకారం అవి సాగాయి. ఆ కొండల చుట్టుపక్కల మందలు మేపుకునేవాళ్ళను అడిగినవాడు లేడు.

మొదటి ఇబ్బందికరమైన ప్రశ్న ఇక్కడే వస్తుంది. స్వతంత్ర మాలీ మొదటి అధ్యక్షుడు మొదీబో కీతా సామ్రాజ్యవాద వ్యతిరేకి, సోషలిజం లక్ష్యంగా ప్రకటించినవాడు. ఫ్రెంచి సైనిక స్థావరాలను ఖాళీ చేయించినవాడు. 1962లో సొంత నాణెం తెచ్చినవాడు. ఆ కాలపు అభ్యుదయ శక్తులు ఆయనను గౌరవించాయి. ఆ గౌరవానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఉత్తరాన కిదాల్ ప్రాంతంలో ఆ ప్రభుత్వం కనిపించిన తీరు వేరు. పశువుల మీద పన్ను బరువైంది. కొత్త నాణెం సరిహద్దు దాటితే చెల్లదు గనక, తరతరాలుగా అల్జీరియా వైపు సాగిన పశువుల వర్తకం ఒక్కసారిగా దొంగరవాణా అయింది. సంచార జీవితం వెనకబాటుతనమనీ, భూస్వామ్య అవశేషమనీ, వాళ్ళను స్థిరపరిచి పనిలో పెట్టాలనీ అధికారులు భావించారు. 1963లో కొద్దిమంది యువకులు ఒంటెల మీద, పాత తుపాకులతో తిరగబడ్డారు. ప్రభుత్వం ట్యాంకులనూ విమానాలనూ పంపింది. బావులలో విషం కలిపారు, మందలను కాల్చి చంపారు, తిరుగుబాటుదారులకు సాయం చేశారన్న అనుమానం మీద మనుషులను జనం ముందు కాల్చారు. 1964 నాటికి తిరుగుబాటు అణగిపోయింది. ఆ తర్వాత ఆ ప్రాంతం చాలా కాలం సైనిక పాలన కింద ఉండిపోయింది.

భూస్వామ్య వ్యతిరేక పోరాటం అన్న పేరుతో ఇది జరిగింది. తువారెగ్ సమాజంలో భూస్వామ్యం లేదని ఎవరూ అనరు. బానిసలను విడిపించడం, కప్పాలు రద్దుచేయడం న్యాయమైన పనులే. అయితే ఆ సమాజంలోని అడుగు వర్గాలను కదిలించి, వాళ్ళ చేత ఆ పని చేయించే రాజకీయం బమాకో ప్రభుత్వం దగ్గర లేదు. దాని దగ్గర ఉన్నది ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన సైన్యం, ఫ్రెంచివాళ్ళ దగ్గర శిక్షణ పొందిన అధికారులు. విషం కలిపిన బావి నీళ్ళు యజమానీ తాగాడు, బానిసా తాగాడు. సిద్ధాంతం పలుకుబడి సరైనది కావచ్చు. దాన్ని అమలుచేసే పనిముట్టు వలస రాజ్యానిదైతే ఫలితం వలస దాడిలాగే ఉంటుంది. మన పదజాలం వాడిన ప్రభుత్వం కాబట్టి ఈ హత్యాకాండ గురించి చాలా కాలం మన వైపు వాళ్ళు మాట్లాడలేదు. 1968లో కీతాను సైనికాధికారులు కూలదోసి, ఆయన సైన్యం అణచిన ఆ కిదాల్‌లోనే ఏళ్ళ తరబడి నిర్బంధించారు. చరిత్రలో ఇలాంటి వ్యంగ్యాలు వాటంతట అవే వస్తాయి.

1963లో అలా చంపబడ్డవాళ్ళలో తెస్సాలిత్ ప్రాంతపు అల్హబీబ్ ఒకడు. తిరుగుబాటుదారులకు సాయం చేశాడన్నది నేరం. అతని కొడుకు ఇబ్రహీంకు అప్పటికి నాలుగేళ్ళు కూడా సరిగా నిండలేదు. కుటుంబం మందను పోగొట్టుకుని అల్జీరియా వైపు వలసపోయింది. ఆ కుర్రవాడు ఏదో సినిమాలో కౌబాయ్ గిటారు వాయించడం చూసి, నూనె డబ్బా, కర్ర, సైకిలు బ్రేకు తీగ కలిపి తనకొక గిటారు చేసుకున్నాడు. ఈ కథ ఇప్పుడు ప్రతి పాటల సంపుటి మీదా అచ్చవుతోంది. దాన్ని ప్రతిభావంతుడి బాల్య చేష్టగా చెప్పుకోవడం పరిపాటి. ఆ మూడు వస్తువులనూ చూడండి: డబ్బా, తీగ, సినిమా. మూడూ సరిహద్దు పట్టణాల మురికివాడల్లో దొరికే పారిశ్రామిక ప్రపంచపు చెత్త. సొరకాయ బుర్రా మేకతోలూ గుర్రపు వెంట్రుకలూ దొరికే గుడారపు బతుకు ఆ పిల్లవాడికి లేకుండా పోయింది. వాద్యంలోని పదార్థం మారడానికి కారణం జీవితంలోని పదార్థం మారడమే.

1968 నుంచి 1974 దాకా సహేల్ ప్రాంతమంతటా కరువు. మందలు మందలుగా పశువులు చచ్చాయి. 1984-85లో మళ్ళీ కరువు. మొదటి కరువులో విదేశాల నుంచి వచ్చిన తిండిగింజల సాయాన్ని అమ్ముకున్న అధికారులు బమాకోలో మేడలు కట్టుకుంటే, జనం వాటికి 'కరువు కోటలు' అని పేరు పెట్టారు. (ఈ పేరు పెట్టింది ఏ కవీ కాదు, వీధిలో జనం. మంచి వ్యంగ్య కవిత అంతకంటే క్లుప్తంగా ఉండదు.) పశువులు పోయిన యువకులు తమన్రాసెత్, జానెత్, లిబియా పట్టణాలకు కాలినడకన, లారీల మీద చేరారు. కూలి, కాపలా, దొంగ సరుకుల మోత. కాగితాలు లేవు, పని నిలకడ లేదు. వీళ్ళే ఇషుమార్. తువారెగ్ చరిత్రలో మొదటిసారి ఒక ప్రభువు కొడుకూ, ఒక సామంతుడి కొడుకూ ఒకే కూలి అడ్డాలో నిలబడ్డారు. పాత అంతస్తు గుర్తులను ఆ యువకులు ఎగతాళి చేశారు. ముఖం పూర్తిగా కప్పుకునే తలపాగా మర్యాదను సడలించారు. కొత్త పాటకు కర్తలు ఈ తరంవాళ్ళు.

తమన్రాసెత్‌లో ఇబ్రహీం ఆగ్ అల్హబీబ్‌కు 1979లో మొదటి అసలు గిటారు దొరికింది. ఇంతెయెదెన్, హసన్ వంటి మిత్రులతో కలిసి పెళ్ళిళ్ళలో, విందుల్లో వాయించడం మొదలుపెట్టాడు. జనం వాళ్ళను 'కెల్ టినారివెన్' అన్నారు, ఎడారుల మనుషులు అని. ఆ కుర్రాళ్ళు విన్న సంగీతం ఏమిటి? కాసాబ్లాంకా కార్మికవాడల నుంచి వచ్చిన నాస్ ఎల్ గివాన్ బృందం నిరసన గీతాలు, అల్జీరియా రాయ్ పాటలు, ఈజిప్టు పాటలు, బాబ్ మార్లీ, హెండ్రిక్స్, సంతానా. అమెరికన్ బ్లూస్‌ను తాము విన్నది విదేశాలకు కచేరీలకు పోవడం మొదలైన తర్వాతే అని ఆ బృందం వాళ్ళే చెప్పారు. కాబట్టి ఈ పాటకు తల్లి తెందే, మేనమామ తెహార్దెంత్. బొటనవేలు కింది తీగను విడవకుండా మోగిస్తుంటుంది. మిగతా వేళ్ళు ఆ మోత మీద అయిదు స్వరాల చిన్న వరసను తిప్పి తిప్పి పలికిస్తాయి. పక్కన చప్పట్లు, ఆడవాళ్ళ వంత. కొందరు విమర్శకులు ఈ లయను ఒంటె నడక అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఒంటెలు చచ్చిపోయి లారీలెక్కిన వాళ్ళ పాట ఇది.

1980లో లిబియా అధినేత గడాఫీ తువారెగ్ యువకులకు సైనిక శిక్షణ ఇస్తానని పిలిచాడు. సొంత దేశం కోసం పోరాడటానికి ఇది దారి అనుకుని వేలమంది వెళ్ళారు. గడాఫీ అవసరాలు వేరు. ఆ కుర్రాళ్ళలో కొందరిని చాద్‌కూ లెబనాన్‌కూ తన యుద్ధాలకు పంపాడు. శిబిరాల్లో మాత్రం వేరువేరు ప్రాంతాల తువారెగ్‌లు ఒకచోట చేరారు. టినారివెన్ పూర్తి బృందంగా రూపుదిద్దుకున్నది అక్కడే. ఖాళీ కాసెట్ తెచ్చిన వాడికి ఉచితంగా పాటలు రికార్డు చేసి ఇవ్వడం వాళ్ళ పద్ధతి. ఆ కాసెట్ నుంచి ఇంకో కాసెట్, దాని నుంచి మరొకటి. లారీ డ్రైవర్ల చేతుల మీదుగా అవి సరిహద్దులు దాటాయి. కాసెట్ దగ్గర ఉండటమే ప్రమాదమైన రోజులవి. నకలుకు నకలు తీసేకొద్దీ గిటారు మోత మసకబారుతుంది, మాట మాత్రం మిగులుతుంది. పత్రిక లేని, రేడియో దొరకని, అక్షరాస్యత తక్కువైన జనానికి ఈ కాసెట్ పత్రికా అయింది, కరపత్రమూ అయింది. అమ్మకం లేదు, కొనుగోలు లేదు. రచయితకూ పాఠకుడికీ మధ్య ఇంత దగ్గరి దారి అచ్చు సాహిత్యానికి ఎప్పుడైనా ఉందా అన్నది మనం ఆలోచించవలసిన విషయం.

పాటల్లోని వస్తువు గురించి చెప్పాలి. పాత పద్యం ప్రభువర్గపు యోధుడి గొప్పను ప్రాసలతో, కఠిన పదాలతో చెప్పేది. ఇషుమార్ పాట కూలి అడ్డాలో మాట్లాడే తమాషెక్‌లో ఉంటుంది. దాహం, కాగితాలు లేని ప్రయాణం, చంపబడ్డ పెద్దలు, చీలిపోయిన తెగలు ఒక్కటి కావాలన్న పిలుపు. అన్నిటికీ అడుగున 'అసూఫ్' అనే భావం ఉంటుంది. గుడారాల వెలుగుకు దూరంగా ఉన్న చీకటి నిర్జన ప్రదేశమూ అసూఫే, అక్కడ ఒంటరిగా ఉన్నవాడి బెంగా అసూఫే. బెంగను ఉద్యమ సాహిత్యంలో నిరాశావాదంగా కొట్టిపారేసే అలవాటు మనకు ఉంది. ఈ పాటల్లో బెంగకు ఒక చిరునామా ఉంది: పోయిన మంద, మూసిన సరిహద్దు, సమాధి కూడా తెలియని తండ్రి. అలాంటి బెంగ తిరుగుబాటుకు అడ్డం రాలేదు. 1990 జూన్‌లో మేనకా పట్టణం మీద దాడితో మాలీలో రెండో తిరుగుబాటు మొదలయ్యే నాటికి పోరాటకారులకు ఆ పాటలన్నీ నోటికి వచ్చు. బృందంలో కొందరు ఆ పోరాటంలో ఉన్నారు కూడా. ఒక భుజాన తుపాకీ, ఒక భుజాన గిటారు అన్న బొమ్మ తర్వాత యూరపు పత్రికలకు బాగా నచ్చింది. నిజానికి 1991లోనే కాల్పుల విరమణ, 1992లో జాతీయ ఒడంబడిక వచ్చాయి. పోరాట సంస్థలు తెగల వారీగా చీలిపోవడం చూసి ఇబ్రహీం, అతని మిత్రులు ఆయుధం పక్కన పెట్టి పాటకే పరిమితమయ్యారు. 1996 మార్చి 27న తింబుక్తూలో సుమారు 3,000 తుపాకులను కుప్పపోసి కాల్చారు.

రెండో ప్రశ్నకు వద్దాం. ఐక్యత కోసం పిలుపిచ్చిన ఈ పాటల్లో, బానిస సంతతి వాళ్ళ గురించి ఏముంది? దాదాపు ఏమీ లేదు. 'మనం' అన్న మాట ప్రభువర్గాన్నీ సామంతులనూ కలుపుకుంది. అది పెద్ద ముందడుగే. బావి దగ్గర నీళ్ళు తోడినవాడి దాకా మాత్రం సరిగా రాలేదు. కరువు వాళ్ళనూ పట్టణాలకు తరిమింది. వాళ్ళలో చాలామందికి యజమాని గుడారం నుంచి బయటపడటానికి కరువే దారి చూపింది. ఒకే సంఘటన ఒకరికి బెంగ, ఇంకొకరికి విడుదల. ఆ విడుదలకు ఇషుమార్ పాటలో గొంతు లేదు. అది వేరేచోట వినిపించింది: నైజర్‌లో 1991లో ఏర్పడ్డ తిమిద్రియా, మాలీలో 2006లో ఏర్పడ్డ తెమెద్త్ సంఘాల సభల్లో, కోర్టుల్లో. నైజర్ బానిసత్వాన్ని శిక్షార్హమైన నేరం చేసింది 2003లో. 2008లో కూడా, పన్నెండేళ్ళ వయసులో అమ్ముడుపోయిన ఒక స్త్రీ పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం దాకా వెళ్ళి, తనను కాపాడనందుకు నైజర్ ప్రభుత్వం మీద తీర్పు తెచ్చుకోవలసి వచ్చింది. జాతి విముక్తి పాట తన సమాజంలోని అంతర్గత దోపిడీ మీద మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని శత్రువు వాడుకుంటాడు. 1994లో మాలీ ఉత్తరాన సొంగాయి జనంలో నుంచి గండా కోయ్ అనే సాయుధ దళం పుట్టి తువారెగ్, అరబ్ కుటుంబాల మీద దాడులు చేసినప్పుడు ఈ పాత గాయాలూ ఆయుధాలయ్యాయి. బమాకో సైన్యాన్ని తప్పుపట్టడానికి ఈ మౌనం అడ్డు రాకూడదు; ఈ మౌనాన్ని తప్పుపట్టడానికి ఆ సైన్యం దుర్మార్గమూ అడ్డు రాకూడదు.

నైజర్ వైపు కథకు ఇంకో వస్తువు తోడవుతుంది: యురేనియం. తువారెగ్‌లు తిరిగే అయిర్ పర్వత ప్రాంతంలో, అర్లిత్‌లో, ఫ్రెంచి కంపెనీ 1971 నుంచి యురేనియం తవ్వింది. పక్కనే అకూతా గని 1978లో మొదలై 2021లో మూతపడింది. అకూతాలో మిగిలినది సుమారు 2 కోట్ల టన్నుల రేడియోధార్మిక వ్యర్థాల గుట్ట. ఫ్రాన్సులో దీపాలు వెలిగించిన ఆ నేల మీద జనానికి దీపం లేదు. 1990 మేలో చిన్తబరాదెన్‌లో సైన్యం సాగించిన హత్యాకాండ నుంచి అక్కడి తిరుగుబాటు రాజుకుంది. అగాదెజ్ ప్రాంతపు అబ్దల్లా ఉంబదుగు గిటారు ఆ పోరాటకాలపు గొంతు. 2020లో చనిపోయేదాకా ఆయన పాటతోబాటు పిల్లలకు సంగీతం నేర్పడం కూడా పనిగా పెట్టుకున్నాడు. బయటి ప్రపంచంలో టినారివెన్‌కు వచ్చిన పేరులో పదోవంతు ఆయనకు రాలేదు.

ఆ పేరు ఎలా వచ్చింది? 1987లో లండన్‌లో కొన్ని చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు ఒక పబ్బులో కూచుని, ఆఫ్రికా, ఆసియా పాటలను దుకాణంలో ఏ అరలో పెట్టాలో తేలక 'వరల్డ్ మ్యూజిక్' అన్న పేరు ఖాయం చేశారు. అరకు పేరు వచ్చాక సరుకు రావాలి. 1994లో నియాఫుంకేకు చెందిన అలీ ఫర్కా తూరే అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన సంపుటికి గ్రామీ బహుమతి వచ్చాక ఎడారి బ్లూస్ అన్న మాట ఊపందుకుంది. తూరే తువారెగ్ కాదు. సొంగాయి, ఫులానీ, తమాషెక్ భాషలన్నిటిలో పాడిన నైజర్ నదీతీరపు రైతు. తన పాట అమెరికన్ బ్లూస్‌కు అనుకరణ అంటే ఒప్పుకునేవాడు కాదు. వేరు ఇక్కడ, కొమ్మ అక్కడ అనేవాడు. గెర్హార్డ్ కుబిక్ అనే పండితుడు 1999లో ప్రచురించిన గ్రంథంలో, బ్లూస్ లక్షణాలు కొన్నిటికి సహేల్ గడ్డిమైదానాల సంగీతంలో మూలాలు చూపాడు. కాబట్టి పోలిక పూర్తిగా కల్పన కాదు. కానీ ఆ మూలాలు అమెరికా చేరింది బానిస ఓడల్లో. పట్టుబడ్డవాళ్ళ సంగీతం బ్లూస్. తువారెగ్ ప్రభువులు ఆ గడ్డిమైదానాల మీద దాడిచేసి మనుషులను పట్టుకుపోయినవాళ్ళలో ఒకరు. ఇద్దరినీ ఒకే అరలో పెట్టి ఒకే దుఃఖమని అమ్మడం చరిత్రను చెరిపేయడమే.

2001లో కిదాల్ రేడియో తిస్దాస్‌లో రికార్డయిన టినారివెన్ సంపుటి బయటి దేశాల్లో విడుదలైంది. పట్టణంలో కరెంటు ఉండే సాయంత్రపు గంటల్లోనే ఆ రికార్డింగు సాగింది. అదే ఏడాది జనవరిలో తిన్ ఎస్సాకోలో మొదటి ఎడారి ఉత్సవం జరిగింది. తెగలు ఏడాదికోసారి కలుసుకునే పాత సమ్మేళనాలకు అది కొత్త రూపం. కొన్నేళ్ళకే అది తింబుక్తూ దగ్గర ఎస్సకానెకు మారి, యూరపు యాత్రికుల తీర్థమైంది. ఈ మార్పును పూర్తిగా తిట్టిపోయడం సరికాదు. గాయకులకు జీవిక దొరికింది, చిన్న భాషకు చెవులు దొరికాయి. కానీ ఉచిత కాసెట్ నాటి శ్రోతకు మాట అర్థమయ్యేది, మోత మసకగా వినిపించేది. కొత్త శ్రోతకు మోత స్పష్టంగా వినిపిస్తుంది, మాట అర్థం కాదు. మార్కెట్టు చేసిన మార్పు ఇదీ.

2012లో ఈ వైరుధ్యం బట్టబయలైంది. గడాఫీ పతనం తర్వాత లిబియా నుంచి ఆయుధాలతో తిరిగొచ్చిన పోరాటకారులు జనవరి 17న మళ్ళీ మేనకాలోనే యుద్ధం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో టినారివెన్ 'తస్సిలి' సంపుటికి అమెరికాలో గ్రామీ బహుమతి. అదే నెల బమాకో పరిసరాల్లో తువారెగ్‌ల ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులు. ఏప్రిల్ 6న అజవాద్ స్వతంత్ర దేశమని ప్రకటన. రెండు మూడు నెలల్లోనే మత సాయుధ ముఠాలు ఆ పోరాటాన్ని మింగేశాయి. వాటిలో అన్సార్ దీన్ నాయకుడు ఇయాద్ ఆగ్ గాలీ 1990 తిరుగుబాటుకు నాయకత్వం వహించినవాడే. ఆ రోజుల్లో ఈ పాటగాళ్ళకు మిత్రుడు. 2012 ఆగస్టులో ఆ ముఠాలు ఉత్తర మాలీ రేడియోల్లో సంగీతాన్ని నిషేధించాయి. వాద్యాలు తగలబెట్టారు. గిటార్లు కాపాడుకోబోయిన టినారివెన్ కళాకారుడొకణ్ణి పట్టుకుపోయారు. తర్వాత అతను విడుదలయ్యాడు. బృందం తర్వాతి సంపుటిని కాలిఫోర్నియా ఎడారిలో రికార్డు చేయవలసి వచ్చింది. 1963లో సోషలిజం పేరుతో, 2012లో మతం పేరుతో. 2023 నవంబరులో రష్యన్ కిరాయి సైనికుల తోడుతో మాలీ సైన్యం కిదాల్‌ను తిరిగి ఆక్రమించింది, ఈసారి జాతీయ సార్వభౌమత్వం పేరుతో. మారిటానియాలోని ఎంబెరా శిబిరంలో మళ్ళీ గుడారాలు పెరిగాయి, ఈసారి శరణార్థులవి.

తర్వాతి తరం కాసెట్ స్థానంలో సెల్‌ఫోను పెట్టుకుంది. నైజర్‌కు చెందిన బొంబీనో 2007 తిరుగుబాటు కాలంలో తన సహచరులిద్దరిని సైన్యం చంపగా బుర్కినా ఫాసోకు పారిపోయి, 2010 జనవరిలో తిరిగొచ్చి అగాదెజ్ పెద్ద మసీదు ముందు పాడాడు. ఎండూ మొక్తార్ కూడా మొదటి గిటారు సైకిలు బ్రేకు తీగలతోనే చేసుకున్నాడు. యాభై ఏళ్ళలో ఎడారి పిల్లవాడికి తీగ దొరికే చోటు మారలేదన్నమాట. అతను 2008లో చేసిన పాటలు ఫోను నుంచి ఫోనుకు నకళ్ళుగా సహేలంతా తిరిగాయి. మళ్ళీ డబ్బు లేని పంపిణీయే. 2021, 2024 సంపుటాల్లో ఫ్రాన్సునూ, స్వదేశీ పాలకులనూ ఒకే గొంతుతో నిలదీశాడు. తమాషెక్‌లో మొదటి కథాచిత్రంలోనూ అతనే నటించాడు. అది అమెరికన్ చిత్రం 'పర్పుల్ రెయిన్'కు అనుసరణ. ఊదారంగుకు తమాషెక్‌లో మాట లేదు గనక 'కాస్త ఎరుపు కలిసిన నీలిరంగు వాన' అని పేరు పెట్టారు. అరువు మాట దొరికే చోట కూడా ఉన్న మాటలతోనే సరిపెట్టుకున్న ఈ తరం, ఇషుమార్ అన్న మాట అరువు తెచ్చుకున్న తరానికి మనవలు.

ఇంతవరకూ చెప్పిన పేర్లన్నీ మగవాళ్ళవే అన్నది పాఠకులు గమనించే ఉంటారు. ఇమ్జాద్, తెందే ఆడవాళ్ళవి. వలసపోయిన కూలీ మగవాడు గనక, శిబిరంలో సైనికుడు మగవాడు గనక, గిటారు మగవాడిదైంది. ఆడవాళ్ళకు వంతపాట మిగిలింది. నైజర్‌లో ఇల్లిఘదాద్ అనే చిన్న ఊళ్ళో ఫాతూ సెయిదీ ఘాలీ అనే అమ్మాయి, అన్న లిబియా నుంచి తెచ్చిన గిటారు మీద తనంతట తానే నేర్చుకుంది. ఆమె, ఆమె బంధువు అలామ్నూ అక్రూనీ పాడిన పాటలను ఆ ఊళ్ళోనే ఆరుబయట రికార్డు చేసి 2016లో విడుదల చేశారు. ఆ రికార్డుకు ఒకవైపు గిటారు పాటలు. రెండోవైపు గిటారు లేదు. ఊరి ఆడవాళ్ళ చప్పట్లు, రోలుకు బిగించిన మేకతోలు మోత.